అమ్మకు బీపీ, కొత్తగా మతిమరుపు: 130 లోపు ఉంచితే మెదడుకు మంచిదన్న మాట ఎంతవరకు నిజం?

లంక_తోట
మా అమ్మకు డెబ్బై ఒకటో ఏడు నడుస్తోంది. నాన్నగారు పోయాక వైనతేయ ఒడ్డున మా ఊళ్ళో నా దగ్గరే ఉంటోంది. పన్నెండేళ్ళుగా బీపీ ఉంది. మాత్ర వేసుకున్న రోజులూ ఉన్నాయి, "ఇవాళ తల తేలిగ్గానే ఉంది కదా" అని మానేసిన రోజులూ ఉన్నాయి. ఆరు నెలలుగా మాత్రం ఒక కొత్త సంగతి చూస్తున్నాము. పులుసు పొయ్యి మీద పెట్టి, ఉప్పు వేసి, పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి వేసిందో లేదో గుర్తుండక మళ్ళీ వేస్తోంది. మొన్న చేపల పులుసు ఎవరమూ నోట పెట్టలేకపోయాము. అమ్మ ఒక ముద్ద తిని, ఏమీ అనకుండా కంచం పక్కకు జరిపింది. నలభై ఏళ్ళ పాటు ఇంటికి వచ్చినవారందరికీ వండిపెట్టిన మనిషి అలా తల దించుకోవడం చూడలేకపోయాను.

పట్నంలో ఒక డాక్టరు గారికి చూపిస్తే 158/84 ఉందని, ఇంకో మాత్ర కలిపి పై అంకెను 130 లోపుకు తేవాలని, అది మెదడుకు కూడా మంచిదని చెప్పారు. ఎందుకు మంచిదో అడిగేలోపే తరువాతి రోగిని పిలిచేశారు. మా అన్నయ్యేమో "వయసుకు వంద కలిపితే ఎంతో అంత ఉండవచ్చు, పెద్దవాళ్ళకు తగ్గిస్తే మెదడుకు రక్తం అందదు" అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? బీపీ అదుపులో ఉంటే మెదడు క్షీణించదని చూపించిన పరిశోధన నిజంగా ఉందా?

శివారు_రైతు
నేను వైద్యుణ్ణి కాను, కాలువ నీటితో బతికినవాణ్ణి. పక్షవాతం వచ్చినప్పుడు మా పెద్దాసుపత్రి డాక్టరు గారు నాకు అర్థమయ్యేటట్టు చెప్పిన మాట ఒకటి ఉంది. మెదడులోనూ పెద్ద కాలువ, పంట కాలువ, బోదె ఉంటాయట. బీపీ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే దెబ్బ తినేది పెద్ద కాలువ కన్నా ముందు బోదెలేనట. ఆ ఒత్తిడికి వాటి గోడలు దళసరెక్కి, దారి ఇరుకైపోయి, చివరికి శివారు భూములకు నీరందదు. చేను ఒక్క రోజులో ఎండదు, మూలన ఒక చెక్క ముందు పండిపోయినట్టు కనబడుతుంది. మీ అమ్మగారి ఉప్పు సంగతి చదివితే నాకదే గుర్తుకొచ్చింది.

కోటిపల్లి_రేవు
శివారు రైతు గారి మాట కాదనను, కానీ రెండో వైపు కూడా చెప్పాలి. మా నాన్నగారికి డెబ్బై తొమ్మిదేళ్ళప్పుడు ఒకేసారి రెండు మాత్రలు పెంచారు. పదిహేను రోజులకు, తెల్లవారుజామున మూత్రానికి లేచి, గడప దగ్గర కళ్ళు తిరిగి పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. తరువాత మంచం దిగలేదు. మాకు ఎవరూ నిలబెట్టి బీపీ చూడమని చెప్పలేదు. అంకె తగ్గిందని సంతోషించాము తప్ప, మనిషి ఎలా ఉన్నాడో చూసుకోలేదు. కాబట్టి లంక తోట గారి అన్నయ్య భయాన్ని తీసిపారేయవద్దని నా మనవి.

ఏఎన్ఎం_డైరీ
నేను ఇరవై రెండేళ్ళుగా కోనసీమ గ్రామాల్లో బీపీ చూస్తున్నాను. మందు గురించి మాట్లాడే ముందు ఆ 158 ఎలా తీశారో చెప్పండి. బస్సు దిగి, మెట్లెక్కి, రెండు గంటలు బల్ల మీద కూర్చుని, డాక్టరు గారి ముందుకు వెళ్ళగానే తీసిన అంకె అయితే అదొక్కటే పట్టుకుని ఏ నిర్ణయానికీ రాకూడదు. ఐదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోబెట్టాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, ముందుగా మూత్రానికి వెళ్ళి రావాలి, తీస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. మన పెద్దవాళ్ళకు ఈ ఆఖరిదే కష్టం. పట్టీ బిగించగానే కోడళ్ళ కష్టసుఖాలన్నీ నాకు చెప్పడం మొదలుపెడతారు.

కోటిపల్లి రేవు గారు చెప్పింది అక్షరాలా నిజం. కూర్చున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డ నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడాలి. నిలబడగానే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతుంటే అది డాక్టరు గారికి తప్పకుండా చెప్పాల్సిన సంగతి. వారం రోజులు పొద్దున, సాయంత్రం తీసి కాగితం మీద రాయండి.

ఇంకొక మాట. లంక తోట గారూ, మీ వయసెంత? మీరు బీపీ చూపించుకుని ఎన్నాళ్ళయింది?

నాడీ_విద్యార్థి
నేను నాడీ వైద్యంలో పైచదువు చదువుతున్నాను. పరిశోధన ఉందా అని అడిగారు కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తాను.

అమెరికాలో 2010లో స్ప్రింట్ అనే అధ్యయనం మొదలైంది. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న, 50 ఏళ్ళు దాటిన 9,361 మంది అందులో చేరారు. సగం మందికి పై అంకెను 140 లోపు, మిగతా సగం మందికి 120 లోపు ఉంచేటట్టు మందులు ఇచ్చారు. గుండెజబ్బులు, మరణాలు రెండో గుంపులో స్పష్టంగా తగ్గడంతో 2015లో ఆ చికిత్సను గడువు కన్నా ముందే ఆపేశారు. మెదడుకు సంబంధించిన ఫలితాలు 2019లో వచ్చాయి. డిమెన్షియా, అంటే రోజువారీ పనులకు అడ్డుపడేంతగా జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించడం, అని చెప్పదగ్గ స్థితికి చేరినవారు 120 గుంపులో 149 మంది, 140 గుంపులో 176 మంది. డిమెన్షియాకు ముందు మెట్టుగా వచ్చే స్వల్ప జ్ఞాపకలోపం కలిగినవారు అదే వరుసలో 287 మంది, 353 మంది.

ఎంఆర్ఐలో మెదడు తెల్ల పదార్థంలో తెల్లటి మచ్చలు కనబడతాయి. శివారు రైతు గారు చెప్పిన నీరందని చెక్కలు సరిగ్గా అవే. నాలుగేళ్ళలో ఆ మచ్చల పరిమాణం 140 గుంపులో 1.45 ఘనపు సెంటీమీటర్లు పెరిగితే, 120 గుంపులో 0.92 మాత్రమే పెరిగింది. దాచకుండా చెప్పాల్సిన సంగతి ఇంకొకటి కూడా ఉంది. మొత్తం మెదడు పరిమాణం మాత్రం బీపీ బాగా తగ్గించిన గుంపులోనే కొద్దిగా ఎక్కువ కుదించుకుపోయింది. ఆ తేడా చాలా చిన్నది, దాని వల్ల ఆలోచనా శక్తి తగ్గినట్టు తేలలేదు.

పంతులు_పాలకొల్లు
ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాడిగా ఒక అభ్యంతరం. 149కీ 176కీ తేడా ఉన్నట్టు కనబడినా, తొమ్మిది వేల పైచిలుకు మందిలో అంతటి తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. ఆ పరిశోధకులే డిమెన్షియా విషయంలో తేడా రుజువు కాలేదని రాశారు. రుజువైంది స్వల్ప జ్ఞాపకలోపం తగ్గుదల మాత్రమే. "బీపీ తగ్గిస్తే డిమెన్షియా రాదు" అని ఒక్క వాక్యంలో చెప్పేస్తే, ఆ పరిశోధన చెప్పనిది దాని నోట పలికించినట్టు అవుతుంది.

నాడీ_విద్యార్థి
పంతులు గారు చెప్పింది సరైన మాట, ఒప్పుకుంటున్నాను. కారణం కూడా చెబుతాను. చికిత్సను ముందే ఆపేయడంతో బీపీని గట్టిగా తగ్గించి ఉంచినది సుమారు మూడేళ్ళ నాలుగు నెలలే. డిమెన్షియా పదిహేను, ఇరవై ఏళ్ళ పాటు లోపల్లోపల పెరిగే జబ్బు కాబట్టి, మూడేళ్ళ వ్యవధిలో దాని మీద తీర్పు చెప్పడం కష్టం.

అందుకే 2025లో చైనా గ్రామాల నుంచి వచ్చిన ఫలితం నాకు ఎక్కువ ముఖ్యంగా తోస్తుంది. 326 గ్రామాల్లో, 40 ఏళ్ళు దాటి, బీపీ అదుపులో లేని సుమారు 34,000 మందిని తీసుకున్నారు. సగం గ్రామాల్లో ఊరి వైద్యుడే మందులు మొదలుపెట్టి, పెంచి, ఇంట్లో బీపీ చూసుకోవడం నేర్పి, 130/80 లోపుకు తెచ్చే బాధ్యత తీసుకున్నాడు. మిగతా గ్రామాల్లో మామూలు వైద్యమే సాగింది. నాలుగేళ్ళయ్యేసరికి మొదటి రకం గ్రామాల్లో సగటు పై అంకె 157 నుంచి 128 దగ్గరకు దిగింది. రెండో రకంలో 148 దగ్గర ఉండిపోయింది. డిమెన్షియా మొదటి రకం గ్రామాల్లో 15 శాతం తక్కువగా వచ్చింది. ఇది యాదృచ్ఛికం అనడానికి వీల్లేని తేడా.

పంతులు_పాలకొల్లు
15 శాతం అంటే నూటికి పదిహేను మందికి తప్పిందని కాదు, అది కూడా రాయండి. చదివేవాళ్ళు పొరబడతారు.

నాడీ_విద్యార్థి
అవును, వివరించి ఉండవలసింది. మామూలు వైద్యం జరిగిన గ్రామాల్లో నాలుగేళ్ళలో నూటికి సుమారు 5.4 మందికి డిమెన్షియా వస్తే, బీపీ తగ్గించిన గ్రామాల్లో నూటికి సుమారు 4.6 మందికి వచ్చింది. ఒక మనిషికి చిన్న లాభం, ఒక మండలానికి పెద్ద లాభం.

కాలవగట్టు
అమెరికా, చైనా సంగతులు మనకెందుకు? మన తిండి వేరు, మన ఒళ్ళు వేరు. మా తాతగారు తొంభై ఏళ్ళు బతికారు, బీపీ మిషను ఎలా ఉంటుందో చూడలేదు.

భీమవరం_కోడలు
కాలవగట్టు గారూ, మీ తాతగారి ఆయుష్షు మీ ఇంటి అదృష్టం. మా అత్తయ్యగారిది వేరే కథ. చూడటానికి ఏ జబ్బూ లేదు, బీపీ 170 ఉన్నా మాత్ర వద్దనేవారు. అరవై ఆరో ఏట చిన్న పక్షవాతం వచ్చి వారంలో కోలుకున్నారు, గండం గడిచిందనుకున్నాము. ఏడాదికి మరొకటి వచ్చింది. అల్జీమర్స్‌లో మెల్లగా జారిపోతారంటారు గానీ, మా అత్తయ్యగారు మెట్లు దిగినట్టు దిగిపోయారు. ఒక్కో పోటుకు ఒక్కో మెట్టు. ఇప్పుడు సాయంత్రం అయితే చాలు, "మా ఊరు వెళ్ళిపోతాను, పడవ కట్టమను" అంటారు. ఆవిడ పుట్టిన లంకకు వంతెన వచ్చి ఎన్నో ఏళ్ళయింది. నేను చెయ్యి పట్టుకుని "రేవులో నీళ్ళు ఎక్కువున్నాయి అత్తయ్యా, రేపు వెళదాం" అని రోజూ చెబుతాను. ఈ మాత్ర విలువ నాకు ఎవరూ అంకెల్లో చెప్పనక్కర్లేదు.

ఏఎన్ఎం_డైరీ
కాలవగట్టు గారికి మన నేల లెక్కే చెబుతాను. 2003, 2004 ప్రాంతంలో మన ఉభయ గోదావరి జిల్లాల్లోనే 45 గ్రామాల్లో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో, ఏడాది పొడవునా జరిగిన ప్రతి మరణానికీ ఇంటింటికీ వెళ్ళి కారణం కనుక్కున్నారు. 1,354 మరణాల్లో 32 శాతం గుండెపోటు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బుల వల్లే. అంతవరకు పల్లెల్లో జ్వరాలు, విరేచనాలే పెద్ద శత్రువులని అనుకునేవారు.

మందుల_కొట్టు
నా అనుభవం ఒకటి రాస్తాను. బీపీ మాత్రలు పది కొనేవారికన్నా నాలుగు కొనేవారే ఎక్కువ. "తలనొప్పి తగ్గింది, మిగతావి తరువాత తీసుకుంటాను" అంటారు. బీపీకి తలనొప్పితో చాలామందిలో సంబంధమే ఉండదని ఎంత చెప్పినా నమ్మరు. చీటీ చూసి, తారీఖు చూసి, "మీకు పద్దెనిమిది రోజుల మాత్రలు తక్కువయ్యాయి" అని చెప్పిన రోజు కొందరు నొచ్చుకుంటారు. అయినా చెబుతూనే ఉన్నాను. పీహెచ్‌సీలోనూ, 104 బండి వచ్చినప్పుడూ బీపీ మాత్రలు ఉచితంగానే ఇస్తారు, డబ్బు లేక మానేయవలసిన అవసరం లేదు.

నాడీ_విద్యార్థి
ఏఎన్ఎం గారు చెప్పిన దానికి కొనసాగింపుగా, మనసుకు కష్టమైన ఒక ఫలితం కూడా చెప్పాలి. పశ్చిమ గోదావరిలో 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్ ఇచ్చి, ముప్పున్నవారిని గుర్తించి డాక్టరు దగ్గరకు పంపే పద్ధతిని పరీక్షించారు. గుర్తించడం బాగానే జరిగింది. కానీ బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2019లో ప్రచురించారు. చైనాలో ఊరి వైద్యుడికి మందు మొదలుపెట్టే, పెంచే అధికారం ఉంది. మన ఆశా కార్యకర్తకు లేదు. నా ఉద్దేశంలో అసలు తేడా అక్కడే ఉంది.

ఆవకాయ_జాడీ
అందరూ మాత్రల గురించే రాస్తున్నారు, ఉప్పు సంగతి ఏమిటి? రోజుకు మనిషికి ఐదు గ్రాముల లోపు, అంటే సుమారు ఒక టీ చెంచా, ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఇళ్ళలో కూరలో ఉప్పు, మజ్జిగలో ఉప్పు, ఆవకాయ, ఊరమిరపకాయ, ఎండుచేప కలిపితే ఎంతవుతుందో ఒక్కరోజు తూచి చూడండి. నేను తూచాను. పచ్చళ్ళు పెట్టడంలో పేరున్న ఇంటి ఆడపడుచుని, అయినా ఇప్పుడు మా ఇంట్లో జాడీ పండగలకే దిగుతుంది.

పంతులు_పాలకొల్లు
పచ్చడి లేని పెరుగన్నం నాకు ఇంకా అలవాటు కాలేదు. ప్రయత్నిస్తున్నాను.

ఆవకాయ_జాడీ
పంతులు గారు లెక్కల దగ్గర ఎంత గట్టివారో ఊరమిరపకాయ దగ్గర అంత మెత్తనివారని తెలిసింది. నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి వేసుకుని చూడండి, నెల రోజుల్లో నాలుక దారికి వస్తుంది.

కాలవగట్టు
ఉప్పు బదులు పొటాషియం ఉప్పు దొరుకుతోంది కదా, అది వాడితే?

నాడీ_విద్యార్థి
చైనాలోనే 600 గ్రామాల్లో, సుమారు 21,000 మందితో జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగో వంతు పొటాషియం ఉప్పు కలిపిన ఉప్పు వాడినవారికి పక్షవాతం 14 శాతం తక్కువగా వచ్చింది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, బీపీకి టెల్మిసార్టాన్ వంటి మాత్ర వాడుతున్నవారు డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మన కోనసీమ కొబ్బరి నీళ్ళ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

లంక తోట గారి అమ్మగారి గురించి మరొకటి. మతిమరుపు అనగానే బీపీ మీదకే నెట్టేయకండి. థైరాయిడ్, బి12 లోపం, దిగులు, వినికిడి తగ్గడం, నిద్రమాత్రలు, వీటిలో ఏదైనా ఇలా కనబడవచ్చు. వీటిలో చాలా వాటిని సరిచేయవచ్చు.

లంక_తోట
ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఏఎన్ఎం గారు చెప్పినట్టే వారం రోజులు పొద్దున, సాయంత్రం తీసి నోటుపుస్తకంలో రాశాము. అమ్మ సగటు 149/82. నిలబెడితే ఎనిమిది మాత్రమే తగ్గుతోంది. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగుంది, బి12 తక్కువగా ఉంది, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ కాగితం చూసి డాక్టరు గారు ఈసారి పది నిమిషాలు మాట్లాడారు. రెండో మాత్ర సగం మోతాదుతో మొదలుపెట్టి, నెలకు మళ్ళీ చూద్దామన్నారు. అన్నయ్యతో కూడా ఫోనులో మాట్లాడించాను. వయసుకు వంద కలిపే లెక్క పాతదని, ఏ పరిశోధనా దాన్ని సమర్థించలేదని ఆయనే చెప్పారు.

ఏఎన్ఎం గారు నా గురించి అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబివ్వలేదు. నాకు 46. ఎప్పుడూ చూపించుకోలేదు. అమ్మకు తీసిన తరువాత మా ఆవిడ పట్టీ నా చేతికి కట్టింది. 146/94. మిషను పాడైందేమో అనుకుని మూడు రోజులు తీశాను. అటూ ఇటూగా అంతే వస్తోంది.

ఏఎన్ఎం_డైరీ
మిషను బాగానే ఉంది. మీరు చెప్పినందుకు సంతోషం.

నాడీ_విద్యార్థి
లంక తోట గారూ, భయపెట్టడానికి కాదు గానీ, ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె మీ అమ్మగారిది కాదు, మీది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉద్యోగులను దశాబ్దాల తరబడి గమనించిన వైట్‌హాల్ అధ్యయనంలో, 50 ఏళ్ళ వయసులో పై అంకె 130 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నవారికి తరువాతి కాలంలో డిమెన్షియా ముప్పు పెరిగిందని 2018లో తేలింది. బోదెలు పూడిపోయేది నడివయసులోనే, అది బయటపడేది డెబ్బైలో. మీ అమ్మగారికి ఇప్పుడు ఉన్నది కాపాడుకోవడం, మీకు ఇంకా పూడకుండా చూసుకోవడం. మీకు పాతికేళ్ళ వ్యవధి ఉంది.

శివారు_రైతు
కాలువ కట్టేసిన నెలలోనే పూడిక తీస్తాము గానీ, చేను ఎండాక తీస్తామా. రేపే వెళ్ళండి.

కోటిపల్లి_రేవు
నా మొదటి మాట మార్చుకోవడం లేదు, దానికి ఇంకొకటి కలుపుతున్నాను. మా నాన్నగారికి కావలసింది మందు మానడం కాదు, లంక తోట గారి అమ్మగారికి ఇప్పుడు జరుగుతున్నట్టు నెమ్మదిగా పెంచడం. నా బీపీ కూడా నిన్న చూపించుకున్నాను. 128 ఉంది.

భీమవరం_కోడలు
ఉప్పు రెండుసార్లు పడకుండా ఒక ఉపాయం చెబుతాను. అత్తయ్యగారు ఇంకా వంటింట్లో తిరుగుతున్న రోజుల్లో చేశాను. పెద్ద ఉప్పుజాడీ అటక మీద పెట్టేసి, పొద్దునే ఇంటిల్లిపాదికీ ఆ రోజుకు సరిపడా ఉప్పు ఒక చిన్న డబ్బాలో కొలిచి పెట్టండి. మధ్యాహ్నం వంట వాటా, రాత్రి వంట వాటా వేరువేరు అరల్లో ఉండాలి. అర ఖాళీగా ఉంటే వేసేసినట్టే. గుర్తు పెట్టుకోవాల్సిన పని ఆవిడకు ఉండదు, వంట ఆవిడ చేతుల్లోంచి లాక్కున్నట్టూ ఉండదు.

లంక_తోట
ఆరు వారాలైంది. అమ్మకు నిన్న 133/76. నాకు ఒక మాత్ర రాశారు, 134/86కు వచ్చింది, రోజూ గట్టు మీద నడుస్తున్నాను. అమ్మ మతిమరుపు పోయిందని చెప్పను. నిన్న కూడా మా చిన్నమ్మాయి పేరుకు బదులు మా అక్క పేరు పిలిచింది. కానీ భీమవరం కోడలు గారు చెప్పిన డబ్బా పొయ్యి పక్కనే ఉంది. నిన్న మధ్యాహ్నం అమ్మ పెరట్లోంచి వచ్చి, చెంచా తీసి, మూత తెరిచి, ఖాళీ అర కాసేపు చూసి, చెంచా కడిగి యథాస్థానంలో పెట్టింది. చింతకాయ పులుసు అందరమూ రెండుసార్లు వడ్డించుకున్నాము.

ఏఎన్ఎం_డైరీ
నిలబెట్టి తీసిన అంకెలు కూడా రాయండి, ఇద్దరివీ.